సైన్సు మన గూడేనికి ఏ భాషలో రావాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సభాధ్యక్షులకు, సంఘం పెద్దలకు, హాస్టళ్ళ నుంచి, ఉద్యోగాల దగ్గర నుంచి, కొందరైతే సిగ్నల్ కోసం గుట్ట మీదికెక్కి కూర్చుని వింటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారాలు. నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళు కుమ్రం భీం గురించి, జల్ జంగల్ జమీన్ గురించి చక్కగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం వేరు. పేద దేశాల అభివృద్ధికి సైన్సును జనంలోకి తీసుకెళ్ళడం ఎట్లా ఉపయోగపడుతుంది అని. వినడానికి యూనివర్సిటీ సెమినార్ పేరులాగా ఉంది. నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పినవాణ్ణి కాబట్టి క్లాసులో చెప్పినట్టే చెప్తాను. ఒక దేశం కథ వివరంగా, ఇంకో చోటి కథ కొంచెం, ఆ తర్వాత మన ఇంటి సంగతి.

మొదటి కథ బంగ్లాదేశ్‌ది. 1971లో అక్కడ యుద్ధం జరిగినప్పుడు దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో బన్‌గావ్ అనే ఊరి దగ్గర శిబిరాల్లో కలరా పట్టుకుంది. కలరా అంటే మీకు తెలుసు, నీళ్ళలాంటి విరేచనాలు, వాంతులు. మనిషి ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోయి గంటల్లో చచ్చిపోతాడు. అప్పటికి పెద్దాసుపత్రుల్లో చేసే వైద్యం నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం. శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయాయి, ఎక్కించే చేతులూ సరిపోలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు అక్కడ పని చేస్తున్నారు. ఆయన ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా లెక్క ప్రకారం కలిపి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్ళలో కలిపించి, రోగి పక్కన ఉన్న తల్లి చేతనో అన్న చేతనో కప్పులతో తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట, ఆ నీళ్ళు తాగించిన తర్వాత ఆ లెక్క 3.6కు పడిపోయింది. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ వైద్యాన్ని శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని రాసింది. మహలనబిస్ గారు 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు, ఆయన చూడటానికి లేరు.

ఉప్పూ చక్కెరా కలిసి ఎందుకు పని చేస్తాయో ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే ఎవరికీ నమ్మకం కుదరదు. పేగు గోడలో నీళ్ళను నేరుగా లోపలికి లాగే పంపు లేదు. ఉప్పు లోపలికి పోతే దాని వెనక నీళ్ళు పోతాయి. కలరాలో ఉప్పు ఒక్కటే పోయే దారి సరిగా పని చేయదు, పైగా పేగు తిరిగి నీళ్ళను బయటికి వదిలేస్తుంది. కానీ ఇంకో దారి ఉంది, అది ఉప్పూ గ్లూకోజూ జంటగా వస్తేనే తెరుచుకుంటుంది. కలరా ఆ దారిని పాడు చేయలేదు. అందుకని ఉట్టి నీళ్ళు తాగితే ఆగవు, ఉప్పునీళ్ళు తాగినా ఆగవు, ఉప్పు చక్కెర తగిన పాళ్ళలో కలిపి తాగితే ఆగుతాయి. 1960లలో కనుక్కున్న సంగతి ఇది. విరేచనాలు వెంటనే తగ్గవు, అది గుర్తు పెట్టుకోండి. తగ్గేది చావు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కథ. మందు దొరికింది. కానీ యుద్ధం అయ్యాక బంగ్లాదేశ్ పల్లెల్లో ఆసుపత్రి లేదు, పొట్లాలు లేవు, వానాకాలంలో సగం ఊళ్ళకు పడవ తప్ప దారి లేదు. పిల్లలు మాత్రం విరేచనాలతో చచ్చిపోతూనే ఉన్నారు. 1972లో ఫజ్లే హసన్ ఆబెద్ మొదలుపెట్టిన బ్రాక్ అనే సంస్థ ఒక ఆలోచన చేసింది. పొట్లం ప్రతి ఇంటికీ పంపలేం, ఆ తెలివిని ప్రతి ఇంటికీ పంపుదాం అనుకున్నారు. ఇంట్లో గ్లూకోజ్ ఉండదు, బెల్లం ఉంటుంది. త్రాసు ఉండదు, చెయ్యి ఉంటుంది. మూడు వేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. బెంగాలీలో దాన్ని లోబొన్ గుర్ అన్నారు, అంటే ఉప్పు బెల్లం. అంతే పేరు.

1980 నుంచి 1990 వరకు పదేళ్ళ పాటు, ఎక్కువగా పల్లెటూళ్ళ ఆడవాళ్ళనే కార్యకర్తలుగా తీసుకుని, ఇంటింటికీ పంపి ఒక్కొక్క తల్లికి ముఖాముఖీ నేర్పించారు. మొత్తం కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళు. కరపత్రం పంచలేదు, ఎందుకంటే చదివేవాళ్ళు తక్కువ. కార్యకర్త ఇంట్లో కూర్చుని పది ముఖ్యమైన మాటలు చెప్పాలి, తల్లి చేతనే కలిపించాలి, ఆ ఇంటి చెంబులోనే అర సేరు ఎక్కడికి వస్తుందో చూపించి గుర్తు పెట్టించాలి.

నాకు ఈ కథలో బాగా నచ్చింది జీతం సంగతి. నెల తర్వాత వేరే మనుషులు వచ్చి, నేర్చుకున్న తల్లుల్లో కొందరిని చీటీ తీసినట్టు ఎంచుకుని, ఏం గుర్తుందో అడిగేవాళ్ళు. కలిపి చూపించమనేవాళ్ళు. కలిపిన నీళ్ళలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించేవాళ్ళు. ఆ తల్లికి ఎంత బాగా వచ్చిందో దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు. ఎన్ని ఇళ్ళు తిరిగావు అని కాదు, ఎన్ని మీటింగులు పెట్టావు అని కాదు. మన దగ్గర అవగాహన సదస్సు అంటే ఏం లెక్కపెడతారో మీరు చూశారు. బ్యానరు, ఫోటో, సంతకాల రిజిస్టరు, బిస్కెట్ ప్యాకెట్లు. విన్నవాళ్ళకు ఏం అర్థమైందని నెల తర్వాత ఎవరూ రారు.

అంత గట్టిగా చేసినా వాళ్ళకు మొదట్లో ఎదురుదెబ్బ తగిలింది. తల్లులకు కలపడం బాగా వచ్చింది, అడిగితే పది మాటలూ చెప్తున్నారు, కానీ బిడ్డకు విరేచనాలైతే చాలామంది అది తాగించడం లేదు. ఇట్లాంటప్పుడు ఆఫీసుల్లో మామూలుగా వినపడే మాట ఒకటుంది, "ఈ జనానికి ఎంత చెప్పినా ఇంతే" అని. వాళ్ళు ఆ మాట అనకుండా మనుషుల్ని పంపి, ఊళ్ళలో కూర్చోబెట్టి, ఎందుకు వాడటం లేదో వెతికారు. మూడు సంగతులు తేలాయి.

ఒకటి, చెప్పే కార్యకర్తలకే నమ్మకం లేదు. తమ ఇంట్లో విరేచనాలైతే వాళ్ళు మాత్రలు కొనుక్కుంటున్నారు. అప్పుడు వాళ్ళకు శిక్షణ ఇచ్చేవాళ్ళను ఢాకాలోని కలరా ఆసుపత్రికి తీసుకెళ్ళి, చావు అంచున ఉన్న మనిషి ఈ నీళ్ళతో లేచి కూర్చోవడం కళ్ళారా చూపించారు. ఊళ్ళో నేర్పేటప్పుడు కలిపిన నీళ్ళు ముందు కార్యకర్తే తాగి చూపించాలని పెట్టారు.

రెండోది, మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్ళకు ఎవరో వచ్చి ఏదో నేర్పి పోయారు, మాకు తెలియదు అని భర్తలు, మామలు అడ్డం పడ్డారు. దాంతో బజార్లలో, మసీదుల దగ్గర, బడుల్లో మగవాళ్ళకు వేరేగా మీటింగులు పెట్టారు.

మూడోది మాట. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. కార్యకర్తలు చెప్పింది "డాయేరియా అయితే ఇది తాగించండి" అని. పల్లెటూరి తల్లికి విరేచనాలు ఒక జబ్బు కాదు, నాలుగు జబ్బులు. పాలు తాగే బిడ్డకు అయ్యేది దూద్ హాగా. తిండి అరగక అయ్యేది అజీర్ణో. జిగటగా అయ్యేది ఆమాశా. కలరాలాగా నీళ్ళు నీళ్ళుగా పోతే, దానొక్కదాని పేరే డాయేరియా. ఆ తల్లి తప్పేం చేయలేదు. ఆమెతో డాయేరియాకు తాగించమన్నారు, ఆమె డాయేరియాకే తాగిస్తోంది. మిగతా మూడింటికి ఇది మందని ఆమెకు ఎవరు చెప్పారు? ఆ సంగతి తెలిశాక నాలుగు పేర్లూ పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఈరోజు ఓఆర్ఎస్ వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. ఆ దేశం అప్పుడు ధనిక దేశం కాదు, ఇప్పుడూ కాదు.

దీన్నిబట్టి మన ఏజెన్సీ ఆసుపత్రుల గోడలు చూడండి. ఒకచోట నేను "నిర్జలీకరణ లక్షణాలు" అని పెద్ద అక్షరాలతో పోస్టరు చూశాను. నిర్జలీకరణం అంటే నా పదో తరగతి పిల్లలే తడబడేవాళ్ళు. గోండి తప్ప రాని ఒక అమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ పోస్టరు కిందే కూర్చుంది. బిడ్డ కళ్ళు లోపలికి పోయాయా, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా, ఈ మూడూ ఆమె భాషలో అడిగితే ఆమె డాక్టరు కన్నా ముందే చెప్పగలదు. మాటల తేడా చిన్నది కాదు. మనకు ఏర్ అంటే నీళ్ళు. పక్క ఊరి తెలుగాయనకు ఏరు అంటే వాగు. "ఏరు కాచి తాగండి" అంటే ఆయన మనల్ని పైకీ కిందకీ చూస్తాడు. మరి వాళ్ళ పోస్టరును మనం ఎట్లా చూస్తున్నామో వాళ్ళకు తెలియాలి కదా.

రెండో కథ నొప్పించేది, అందుకని త్వరగా చెప్తాను. 2014 నుంచి 2016 వరకు పశ్చిమ ఆఫ్రికాలో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా వచ్చింది. 28,600 మందికి పైగా జబ్బు పడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. మొదట్లో పోస్టర్లలో, రేడియోలో వచ్చిన మాట, ఎబోలాకు మందు లేదు, ఎబోలా చంపుతుంది అని. భయపెడితే జాగ్రత్త పడతారని వాళ్ళ లెక్క. జనం లెక్క ఇంకోటి. మందే లేనప్పుడు ఆసుపత్రికి ఎందుకు, ఇంట్లో మనవాళ్ళ మధ్యే పోతే మేలు కదా! అట్లా ఇంట్లో సేవ చేసినవాళ్ళకూ అంటుకుంది. చనిపోయిన మనిషిని కడగడం, తాకి సాగనంపడం అక్కడి ఆచారం. ఎబోలాతో పోయిన మనిషి ఒంటి నుంచి జబ్బు అంటుకునే ప్రమాదం చాలా ఎక్కువ. ముసుగులు వేసుకున్న కొత్త మనుషులు వచ్చి, శవాన్ని సంచిలో వేసుకుని, ఇంటివాళ్ళకు చెప్పకుండా తీసుకుపోతే ఊరు ఏమనుకుంటుంది? 2014 సెప్టెంబరులో గినీలోని వోమే అనే ఊళ్ళో అవగాహన కల్పించడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. ఆ పని ఎవరూ సమర్థించరు. కానీ అక్కడిదాకా ఎందుకొచ్చిందో ఆలోచించకపోతే ఇంకో ఊళ్ళో అదే జరుగుతుంది.

అదే ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖననం పద్ధతిని మార్చి రాసింది. దానికి సురక్షితమైన, గౌరవప్రదమైన ఖననం అని పేరు పెట్టింది. ముందు కుటుంబంతో మాట్లాడాలి, వాళ్ళ మత పెద్దను పిలవాలి, ప్రార్థన జరగాలి, ఇంటివాళ్ళు దూరం నుంచైనా దగ్గరుండి చూడాలి. చేతులు వేయడం ఒక్కటే వద్దు. మన దగ్గరకు వచ్చి "మీ కర్మకాండలు మానేయండి" అంటే మనం ఏమంటామో మీకే తెలుసు. పటేల్‌ను, దేవారిని కూర్చోబెట్టి "ఈ ఒక్క పని ఇట్లా చేస్తే ప్రమాదం, దీనికి బదులు ఏం చేయొచ్చు?" అని అడిగితే దారి మన పెద్దలే చెప్తారు.

మన దేశంలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఇస్రో వాళ్ళు అమెరికా ఉపగ్రహం ఒకటి తీసుకుని దాదాపు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం గురించి కార్యక్రమాలు చూపించారు. సైట్ ప్రయోగం అంటారు. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గొప్ప పని, కరెంటు సరిగా లేని ఊళ్ళలో ఆకాశం నుంచి బొమ్మ దిగింది. అయితే అది వచ్చిన భాషలు హిందీ, తెలుగు, కన్నడం, ఒరియా. గోండి లేదు, కువి లేదు, సవర లేదు. టీవీ చెప్తుంది, ఊరు వింటుంది. ఊరు అడిగితే టీవీ వినదు.

వినే పద్ధతి చాలా తర్వాత వచ్చింది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. మామూలు ఫోనుతోనే తన గొంతుతో కబురు రికార్డు చేయొచ్చు, ఇంకొకళ్ళు ఫోను చేసి వినొచ్చు, గోండిలో కూడా. చదువు రానక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చేతిపంపు పాడైందని, జీతం రాలేదని మనుషులు చెప్పుకున్నారు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఇంకోలా చేసింది. సైంటిస్టును కెమెరా ముందు నిలబెట్టకుండా, పొలంలో పని చేస్తున్న రైతునే నిలబెట్టి చిన్న వీడియోలు తీసి, పక్క ఊళ్ళో చూపించింది. చూసినవాళ్ళు మొదట అడిగేది ఆ రైతు పేరేంటి, ఏ ఊరు అని. తెలిసిన మనిషా కాదా అన్నది అంత ముఖ్యం. మన ప్రధాన్లు కిక్రి పట్టుకుని కథ చెప్తే రాత్రంతా కూర్చుంటాం. ఆయన ఎవరో తెలుసు, ఆయన తండ్రి మన తాతకు చెప్పాడని తెలుసు. ఆ నమ్మకం ఒక్క ఉపగ్రహంతో రాదు.

ఇక మన ఇంటి సంగతి. నేను ఈరోజు ముఖ్యంగా మాట్లాడదామనుకున్నది ఇదే. సికిల్ సెల్.

మన దేశంలో ఇది 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో మొదటిసారి బయటపడింది. మధ్య భారతంలో, మన ప్రాంతంలో కూడా ఉంది. రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండాల్సింది కొడవలిలాగా వంకర తిరిగి గట్టిపడతాయి. సన్న నరాల్లో ఇరుక్కుంటాయి, అప్పుడు కాళ్ళు చేతులు, నడుము భరించలేనంత నొప్పి. ఆ కణాలు తొందరగా చచ్చిపోతాయి, అందుకని రక్తం తక్కువ, కళ్ళు పచ్చబడతాయి. మన ఇళ్ళలో దీన్ని ఒక జబ్బుగా చూడరు. ఒకసారి కీళ్ళ నొప్పులంటారు, ఒకసారి పసిరికలంటారు, ఒకసారి రక్తం లేదంటారు. బెంగాలీ తల్లుల నాలుగు పేర్లు గుర్తొచ్చాయా? పసిరికలకు ఆకుమందు, నొప్పులకు నూనె, రక్తానికి టానిక్. మూడూ ఒక్క బిడ్డలో ఉన్నాయని, మూడింటికీ వేరు ఒక్కటేనని ఎవరూ కలిపి చెప్పలేదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని లక్ష్యం. మంచిదే. వేలి నుంచి చుక్క రక్తం తీసి కార్డు ఇవ్వడం నర్సమ్మ చేయగలదు. ఆ కార్డులో ఏం రాసి ఉందో, దానికి అర్థం ఏంటో, ఆ రాత్రి ఇంట్లో పొయ్యి దగ్గర చెప్పాల్సిన మనిషి ఎవరు? మీరే. ఊళ్ళో చదువుకున్న పిల్ల అని, పిల్లాడని మీ దగ్గరకే తెస్తారు. అందుకని ఈ ముక్క నోటికి వచ్చేదాకా నేర్చుకోండి.

ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, అమ్మ దగ్గర నుంచి ఒకటి, నాన్న దగ్గర నుంచి ఒకటి. రెండూ మంచివైతే ఏమీ లేదు. ఒకటి మంచిది, ఒకటి సికిల్‌ది అయితే ఆ మనిషి క్యారియర్. జబ్బు మనిషి కాదు. పొలం దున్నుతాడు, గుస్సాడీ ఆడతాడు, నూరేళ్ళు బతుకుతాడు. రెండూ సికిల్‌వైతేనే జబ్బు. ఒక క్యారియర్, ఒక మామూలు మనిషి పెళ్ళి చేసుకుంటే వాళ్ళ పిల్లలకు సికిల్ సెల్ జబ్బు రాదు, కొందరు క్యారియర్లు కావచ్చు అంతే. జబ్బున్న మనిషి మామూలు మనిషిని చేసుకున్నా పిల్లలందరూ క్యారియర్లే. ఇద్దరిలోనూ సికిల్ జన్యువు ఉంటేనే భయం. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం.

ఈ "నాలుగింట ఒకటి" దగ్గరే అందరూ పడిపోతారు. నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందని వింటారు. మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికీ భయం లేదనుకుంటారు. అట్లా కాదు. రెండు రూపాయి బిళ్ళలు తీసుకోండి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకేసారి ఎగరేయండి. రెండూ బొమ్మ పడితే జబ్బు. ఈసారి రెండూ బొమ్మ పడ్డాయని వచ్చేసారి పడకుండా ఉంటాయా? బిళ్ళకు పోయినసారి సంగతి గుర్తుండదు. ప్రతి కాన్పూ కొత్త ఆట. గూడెంలో దీన్ని బోర్డు మీద రాయకండి. బిళ్ళలు వాళ్ళ చేతికే ఇచ్చి ఇరవై సార్లు ఎగరేయించండి, వాళ్ళే చెప్తారు.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర సంబంధం మాట్లాడే ముందు సగ చూస్తారు. నాలుగు దేవుళ్ళ సగ, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు. ఒకే సగలో పిల్లనివ్వరు, అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు. రక్తం చూసి పెళ్ళి చేయాలన్న ఆలోచన మనకు బయటివాళ్ళు నేర్పలేదు. అయితే సగలు వేరైనంత మాత్రాన సికిల్ సెల్ నుంచి రక్షణ ఉందనుకోవద్దు, ఆ జన్యువు ఒక్క సగకు కట్టుబడి ఉండేది కాదు. సగ చూసిన దగ్గరే కార్డు కూడా చూసుకుంటే సరిపోతుంది. ఈ మాట మీరు విడిగా చెప్పడం కన్నా రాయి సెంటర్‌లో పెద్దలు చెప్తే ఎక్కువ బరువు. పెద్దలకు మీరు చెప్పండి, ఓపికగా, బిళ్ళలు పట్టుకెళ్ళి.

ఒక ప్రమాదం మాత్రం ఇప్పుడే చెప్పాలి. కార్డు వచ్చాక కొన్నిచోట్ల క్యారియర్ అని తెలిసిన ఆడపిల్లకు సంబంధాలు ఆగిపోతున్నాయి. అబ్బాయి కార్డు ఎవరూ అడగరు. పరీక్ష అంటేనే భయపడి దాచుకుంటారు, దాచుకుంటే మొత్తం పనే చెడుతుంది. అందుకని ఎవరి ఫలితం వాళ్ళకే చెప్పాలి. ఊరందరి ముందు చదవకూడదు. జాబితా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు మన సంఘంలో ఉంటే వాణ్ణి గ్రూపులోంచి కాదు, ఆ పనిలోంచే తీసేయండి. ఇంకోటి, "ఇది ఆదివాసుల జబ్బు, వీళ్ళ రక్తమే చెడ్డది" అనే మాట మీరు కాలేజీల్లో వింటారు. జవాబు సైన్సే ఇచ్చింది. 1954లో ఆంథోనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పని చేసి, సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని చూపించాడు. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలుగా బతికి బట్టకట్టినవాళ్ళ దగ్గరే అది మిగిలింది. ఆఫ్రికాలో ఉంది, అరబ్ దేశాల్లో ఉంది, మధ్యధరా సముద్రం చుట్టూ ఉంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా దోమతెర మానకండి, క్యారియర్‌కు కూడా మలేరియా వస్తుంది.

జబ్బు ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే దేవుడు శపించాడనీ చెప్పొద్దు, ఏం కాదనీ చెప్పొద్దు. నీళ్ళు బాగా తాగాలి, చలికి తడవకూడదు, టీకాలు తప్పకూడదు. హైడ్రాక్సీయూరియా అనే మందు డాక్టరు చెప్పినట్టు వాడితే నొప్పులు తగ్గుతాయి. జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా చూడొద్దు. దేవారి దగ్గర పూజ చేసుకుంటామంటే చేసుకోనివ్వండి. బండి ఈలోపు పిలవండి.

చివరగా ఈ వానాకాలం సంగతి. ఇప్పుడు ఓఆర్ఎస్ పొట్లం ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతుంది, కాబట్టి ముందు పొట్లమే వాడండి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం చిటికెలతో గ్లాసులో కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి, ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలపాలి. తల్లిపాలు ఆపకూడదు. దానితోపాటు జింక్ మాత్రలు 14 రోజులు, విరేచనాలు ఆగినా సరే. ఇందాక చెప్పాను కదా, ఓఆర్ఎస్ తాగిన వెంటనే విరేచనాలు ఆగవు. అది ముందే చెప్పకపోతే "మీ మందు పని చేయలేదు" అని పొట్లం మూలన పడేస్తారు. కలిపాక ఒక గుక్క మీరు తాగి చూపించండి.

సంఘం వాళ్ళను ఒకటి అడుగుతున్నాను. గూడెంలో విరేచనాలకు, నొప్పులకు, పసిరికలకు మన అమ్మలు, అవ్వలు ఏ ఏ పేర్లు వాడతారో, గోండిలో, కొలామీలో, ఊరుకో తీరుగా ఉన్నా సరే, మీ మీ ఇళ్ళలో అడిగి ఫోనులో రికార్డు చేసి వచ్చే సమావేశానికి పంపండి. మీరు అర్థం చెప్పకండి, వాళ్ళ మాటల్లోనే ఉండనివ్వండి. ఆ పేర్లన్నీ ఒకచోట చేరాక పోస్టరు సంగతి మాట్లాడుకుందాం. ఎవరికైనా ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, గోండిలో అడిగినా సరే.